తివాచీని చెడగొట్టే చిట్కాలు

చైతన్యపురి అపార్టుమెంటు మెట్ల మీద, సరూర్‌నగర్ రైతుబజారులో, వనస్థలిపురం పెళ్లి భోజనాల బంతిలో, ఎక్కడ మాట కలిసినా తివాచీ ఎలా కడగాలో చెప్పేవాళ్లు దొరుకుతారు. అందరూ మన మేలు కోరే చెబుతారు. మాటలో ధీమా ఉంటుంది, వెనక అనుభవమూ ఉంటుంది. కాకపోతే ఆ అనుభవం బట్టలు ఉతికినది, గచ్చు కడిగినది. దాన్నే తెచ్చి తివాచీకి అంటగడతారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ రింగురోడ్డు దాకా ఇళ్లలో పాడైన తివాచీలు చూస్తే, దుమ్ముకు బలైనవాటికంటే దుమ్ము వదిలించే ప్రయత్నంలో పోయినవే ఎక్కువనిపిస్తుంది. ఆ చిట్కాల్లో తరచుగా వినిపించేవి, ఎక్కువ నష్టం చేసేవి ఇక్కడ చెబుతున్నాను. ఎందుకు తప్పో, బదులుగా ఏం చేయాలో కూడా.

ముందు ఒక మాట. దుమ్ము నిరపాయమని నేననడం లేదు. విజయవాడ హైవే మన ఇళ్ల మధ్య నుంచే పోతుంది. బస్సులు, లారీలు లేపే దుమ్ములో మెత్తని మట్టి ఒక్కటే కాదు, పదునైన అంచులున్న సన్నటి ఇసుక కూడా ఉంటుంది. అది కూచ్చు (తివాచీ పైన నిలబడే పోగులు) మొదట్లోకి దిగి కూర్చుంటుంది. పైనుంచి మనం నడిచిన ప్రతిసారీ గరుకు కాగితంలా పోగుల్ని అడుగున అరగదీస్తుంది. పైకి తివాచీ శుభ్రంగానే కనిపిస్తుంటుంది. కాబట్టి వారానికి రెండుసార్లయినా పొడిగా దుమ్ము తీయాల్సిందే. పేచీ అంతా తడితోనే, తొందరతోనే.

"తివాచీ అంటే తివాచీయే కదా, అన్నీ ఒకటే"

ఈ మాట ఎవరూ బయటికి అనరు. కానీ ప్రతి చిట్కా అడుగునా ఇదే ఉంటుంది. మన హాళ్లలో కనీసం నాలుగు రకాలు పరిచి ఉన్నాయి. నాంపల్లి నుమాయిష్‌లో కాశ్మీరీ దుకాణాల్లో బేరమాడి తెచ్చుకున్న చేతిముడుల ఉన్ని తివాచీ ఒకటి. ఫర్నిచర్ షాపుల్లో సోఫాతో పాటు కొన్న టఫ్టెడ్ రకం ఇంకొకటి, దాని వెనక గుడ్డను లేటెక్సు జిగురుతో అతికిస్తారు. రోడ్డు పక్కన చుట్టలు నిలబెట్టి అమ్మే మరతివాచీ మూడోది, ఎక్కువగా పాలీప్రొపిలీను పోగుతో అల్లింది. నాలుగోది పెద్దవాళ్ల ఇంటి నుంచి వచ్చిన వరంగల్ జంపఖానా, నూలుది. వీటిలో ఒకదానికి మందైనది ఇంకొకదానికి విషం.

తిరగేసి చూస్తే సగం తెలిసిపోతుంది. వెనకవైపు కూడా పూలూ లతలూ అంతే స్పష్టంగా కనిపిస్తే చేతిముడులది అయివుండవచ్చు. వెనక మందపాటి గుడ్డ అతికించి, డిజైను కనబడకుండా ఉంటే టఫ్టెడ్. గట్టి జనపనార వలో, ప్లాస్టిక్ వలో కనిపిస్తే మరతివాచీ. కూచ్చు అసలు లేకుండా రెండువైపులా ఒకేలా సాపుగా ఉంటే జంపఖానా. ఇంకా అనుమానముంటే మూల నుంచి ఒక్క పోగు పీకి, తివాచీకి దూరంగా, ఇనుప పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే ఉన్ని. కరిగి గట్టి ముద్దగా మారితే సింథటిక్. కాగితంలా భగ్గున మండితే నూలు, లేదా విస్కోసు. పట్టులా మెరుస్తూ చవగ్గా దొరికే తివాచీలు చాలావరకు విస్కోసువే. తడిస్తే ఆ పోగు బలం బాగా తగ్గిపోతుంది, రుద్దితే లేచిపోతుంది, ఆరాక పసుపుబారుతుంది. దానికి నీళ్లు చూపించకపోవడమే మేలు.

"మేడ మీద పరిచి సర్ఫ్ వేసి తొక్కు వదినా, కొత్తదానిలెక్క అయితది"

అన్నిటికంటే ఎక్కువ తివాచీలను పొట్టన పెట్టుకున్న సలహా ఇదే. సంక్రాంతి ముందు, దసరా ముందు మన్సూరాబాద్‌లోనో నాగోల్‌లోనో ఏ డాబా చూసినా ఈ పని నడుస్తుంటుంది. బోరు మోటారు వేసి, పైపు పెట్టి, గుప్పెళ్లతో పొడి చల్లి, పిల్లల్ని కూడా ఎక్కించి తొక్కుతారు. నల్లటి నీళ్లు కారుతుంటే మనసుకు హాయిగా ఉంటుంది. ఆ హాయే మోసం.

ఉన్ని మన వెంట్రుకల్లాంటి ప్రోటీను. బట్టలుతికే పొడిలో సోడా ఉంటుంది కాబట్టి అది బాగా క్షారం. ఉన్నికి క్షారం పడదు, బిరుసెక్కి రాలడం మొదలెడుతుంది. పైగా చాలా పొడుల్లో ఎంజైములు కలుపుతారు. రక్తం, గుడ్డు, పాల మరకల్లోని ప్రోటీనును ముక్కలు చేయడమే వాటి పని. ఏది మరకో ఏది పోగో వాటికి తేడా తెలియదు. ఇక తొక్కడం. ఉన్ని పోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. తడిలో, రాపిడిలో అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. తివాచీ ముడుచుకుపోవడం, అట్టకట్టడం దానివల్లే. ఒకసారి అలా బిగుసుకున్నాక వెనక్కి తీసే విద్య ఎవరి దగ్గరా లేదు.

టఫ్టెడ్ తివాచీ సంగతి మరీ ఘోరం. రెండు గుడ్డల మధ్య లేటెక్సు తడిసి నానితే పట్టు వదిలేస్తుంది, గుడ్డ పొరలుగా ఊడుతుంది. ఊడకపోయినా నెలల తరబడి కుళ్లిన రబ్బరు వాసన వస్తుంది. "సబ్బు సరిగ్గా పోలేదేమో" అనుకుని మళ్లీ కడుగుతారు. వాసన ఇంకా పెరుగుతుంది. జనపనార అడుగున్న మరతివాచీలో పోగుకు ఏమీ కాదు, పాలీప్రొపిలీను నీళ్లు పీల్చదు. కానీ జనపనార నీళ్లన్నీ తాగి, ఆరేటప్పుడు తనలోని గోధుమరంగును పైకి పంపుతుంది. మరునాడు పొద్దున చూస్తే అంతకుముందు లేని టీ మరకల్లాంటివి తివాచీ అంతా కనిపిస్తాయి.

దీనికి మన బోరు నీళ్లు తోడు. కుళాయి మూతుల మీద తెల్లటి పొర కట్టే నీళ్లివి. అదే పొర ఆరిన తివాచీ కూచ్చులోనూ మిగులుతుంది, చేత్తో రాస్తే గరగరలాడుతుంది. కడగక తప్పని పరిస్థితిలో, కనీసం చివరి జాడింపుకైనా నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు పట్టి ఉంచుకోండి. సబ్బు మిగిలిపోతే అది జిగటగా ఉండి దుమ్మును పిలుస్తుంది. కడిగిన పదిహేను రోజులకే ముందుకంటే మురికిగా కనిపించడానికి కారణం ఇదే. పాపం ఇంటావిడ మళ్లీ సర్ఫ్ డబ్బా తీస్తుంది.

ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను చేతికి తడి తగలకుండానే దాచుకోగలదు. పైన ముట్టుకుని ఆరిందనుకుని పరిచేస్తాం. లోపల నూలు పడుగు ఇంకా పచ్చిగానే ఉంటుంది, అక్కడ బూజు మొదలవుతుంది. ఉన్ని తివాచీకి పూర్తి తడి కడుగుడు ఏళ్లకొకసారి చాలు. అది కూడా చేతిముడుల తివాచీలు కడగడమే పనిగా ఉన్నవాళ్ల చేత.

బైకుల వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెజర్ కొట్టించమనే చిట్కా కూడా దీని తమ్ముడే. ఇంజను మీద గ్రీజు ఊడగొట్టే ఒత్తిడికి కూచ్చు లేచిపోతుంది, నీళ్లు అడుగుపొరలోకి దిగిపోతాయి. పైగా అక్కడి గచ్చు మీద ఆయిలుంటుంది. ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు, తీసుకెళ్లకండి.

"మే ఎండలో రోజంతా పడెయ్యి, పిట్టగోడ మీద వేసి కర్రతో బాదు"

ఎండ మంచిదే, మోతాదులో. పచ్చళ్లు, వడియాలు, పరుపులు అన్నీ ఎండబెట్టే ఇళ్లు మనవి కాబట్టి తివాచీనీ ఆ వరుసలో చేర్చేస్తాం. హైదరాబాదు మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, డాబా గచ్చు దానికంటే ఎక్కువ కాలుతుంది. ఆ వేడికి లేటెక్సు పెళుసై, తర్వాత పొడిపొడిగా రాలుతుంది. తివాచీ ఎత్తితే కింద గచ్చు మీద తెల్లటి పిండి కనబడితే అదే సంగతి. రంగులూ వెలుస్తాయి. పరిచిన తివాచీ సగానికి నీడ పడి సగానికి ఎండ తగిలితే గీత గీసినట్టు రెండు రంగులవుతుంది. ఉన్ని, నూలు తివాచీలను వెనకవైపు పైకి ఉండేలా పొద్దుటి ఎండలో గంటసేపు పరిస్తే చాలు. మిగతా ఆరబెట్టడమంతా నీడలో, గాలిలో.

బాదడం విషయంలో మన పెద్దవాళ్ల పద్ధతిలో కొంత నిజముంది, కొంత ప్రమాదముంది. చేతిముడుల తివాచీని కూచ్చు కిందికి వచ్చేలా శుభ్రమైన గచ్చు మీద పరిచి, వెనక నుంచి వెడల్పాటి బద్దతో మెల్లగా తడితే ఇసుకంతా కింద రాలుతుంది. ఎత్తి చూస్తే ఆశ్చర్యపోతారు. అదే తివాచీని పిట్టగోడ అంచు మీద మడిచి వేసి బాదితే ఆ మడత దగ్గర పడుగు పోగులు తెగుతాయి. టఫ్టెడ్ దాన్నయితే అసలు బాదకూడదు, జిగురు పగులుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ పని వాళ్లకు దూరంగా, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయాలి. అపార్టుమెంటు కారిడార్‌లో దులిపి పక్కింటి తలుపు కింద నుంచి దుమ్ము పంపేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

కొబ్బరిపుల్లల చీపురు తివాచీకి పనికిరాదు. కొండచీపురుతో కూచ్చు వాలు ఎటుంటే అటే ఊడ్వాలి. చేత్తో నిమిరితే ఒకవైపు నునుపుగా, ఒకవైపు గరుకుగా తగులుతుంది. నునుపు వైపే వాలు. వాక్యూమ్ క్లీనరు ఉంటే తిరిగే బ్రష్ ఆపేసి వాడండి, చివరి కుచ్చుల దగ్గరికి తీసుకుపోకండి.

ఆ కుచ్చుల గురించి కూడా ఒక చిట్కా ఉంది, "మురికి పట్టాయి, కత్తెరతో కత్తిరించెయ్" అని. చేతిముడుల తివాచీకి ఆ కుచ్చులు అలంకారం కోసం కుట్టినవి కావు. తివాచీ మొత్తాన్ని నిలబెట్టే పడుగు పోగుల చివర్లే అవి. అవి కోస్తే అంచు ముడులు ఒక్కొక్కటే జారడం మొదలవుతుంది.

"పసుపు మరకా? సబ్బు పెట్టి గట్టిగా రుద్దు"

వరలక్ష్మీ వ్రతం రోజున పులిహోర పళ్లెం జారిపడని హాలు మన వైపు ఉండదేమో. పండగ ఇంట్లో పదిమంది ఉంటారు, పదిమందీ ఒకేసారి సలహా ఇస్తారు. ఒకరు వేడినీళ్లు తెస్తారు, ఒకరు సబ్బు బిళ్ల తెస్తారు, ఒకరు తడిగుడ్డతో రుద్దడం మొదలుపెట్టేసి ఉంటారు. నిమిషంలో అరచేతంత మరక పళ్లెమంత అవుతుంది.

పసుపులో రంగునిచ్చేది కుర్కుమిన్. క్షారం తగిలితే అది ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే కుంకుమ అయ్యేది ఈ గుణం వల్లే. సబ్బు బిళ్ల కూడా క్షారమే కాబట్టి మరక మీద సబ్బు పడగానే ఎర్రగా మారుతుంది. చూసినవాళ్లు కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దుతారు. రుద్దుతుంటే రంగు పోగు మొదట్లోకి దిగుతుంది, పోగు పురి విడిపోయి పీచులేస్తుంది. మరక పోయినా ఆ చోట వెలిసినట్టు, అరిగినట్టు ఎప్పటికీ కనిపిస్తుంది.

చేయాల్సింది ఇది. ముందు చెంచాతో మెతుకులన్నీ ఎత్తేయాలి, అంచు నుంచి మధ్యకు. పులిహోరలో నూనె ఉంటుంది కాబట్టి దాని మీద మొక్కజొన్న పిండి మందంగా చల్లి గంటసేపు వదిలేయాలి. శనగపిండి చల్లమంటారు కొందరు. మిగిలిన శనగపిండికి పురుగులొస్తాయి, వద్దు. పిండి ఊడ్చేశాక, కప్పు చల్లటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, తెల్లటి నూలుగుడ్డ ముంచి గట్టిగా పిండి, మరక మీద అద్దాలి. అద్దడమే, రుద్దడం లేదు. గుడ్డకు పసుపు అంటుతుంటే శుభ్రమైన వైపు తిప్పుతూ ఉండాలి. తర్వాత మామూలు నీళ్లతో తడిపిన గుడ్డతో అద్ది, చివర పొడి తువ్వాలు పరిచి దాని మీద బరువు పెట్టాలి. ఇప్పటికే ఎవరో సబ్బు పెట్టి ఎర్రగా చేసి ఉంటే, కప్పు నీళ్లలో చెంచా తెల్ల వెనిగర్ కలిపి అద్దితే తిరిగి పసుపుకు వస్తుంది. ఆ మీదట మిగిలిన లేత పసుపును వెలుతురుకు వదిలేయండి. కుర్కుమిన్ వెలుతురులో తనంతట తాను వెలిసిపోతుంది. కిటికీ దగ్గర ఆ భాగం పడేలా కొన్నాళ్లు పరిస్తే చాలు. ఏ ద్రావణమైనా ముందు సోఫా కింద దాగే మూలలో అద్ది చూడటం మరవకండి. తెల్లగుడ్డకు తివాచీ రంగు అంటితే అక్కడితో ఆపేయాలి.

వేడినీళ్ల సలహా పాలకు, పెరుగుకు, గుడ్డుకు, రక్తానికి పూర్తిగా తప్పు. ఉడికిన గుడ్డులో తెల్లసొన ఎలా గట్టిపడుతుందో అదే మరకలోనూ జరిగి పోగుకు అతుక్కుంటుంది. చల్లటి నీళ్లే వాడాలి. టీ, కాఫీకి కూడా అంతే.

"వంటసోడా చల్లి మీద వెనిగర్ పొయ్యి, నురగతో పాటు మురికి వచ్చేస్తుంది" అనేది ఈ మధ్య ఫోన్లలో వీడియోగా బాగా తిరుగుతోంది. రెండూ కలిస్తే పొంగేది కార్బన్ డయాక్సైడు. పొంగు తగ్గాక మిగిలేది కాస్త ఉప్పులాంటి పదార్థం కరిగిన నీళ్లు. సోడా పనిని వెనిగర్, వెనిగర్ పనిని సోడా చంపేశాయి. నురగ కంటికి బాగుంటుంది, అంతే. ఒట్టి వంటసోడా చల్లితే వాసన కొంత తగ్గే మాట నిజమే, కానీ ఆ సన్నటి పొడి కూచ్చులో మిగిలిపోతుంది, వాక్యూమ్ ఫిల్టర్లో ఇరుక్కుంటుంది. ఉన్నికి ఎలాగూ క్షారం పడదు.

బ్లీచింగ్ విషయం ఇంకా కచ్చితంగా చెప్పాలి. బ్లీచు ఉన్నిని తెల్లబరచదు, కరిగించేస్తుంది. ఒక ఉన్ని పోగును గిన్నెలో బ్లీచు ద్రావణంలో వేసి చూస్తే కాసేపటికి పోగు ఉండదు. బ్లీచును వెనిగర్‌తో గానీ, యాసిడ్ ఉన్న బాత్‌రూమ్ క్లీనరుతో గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఏ చిట్కా మరిచినా ఇది మరవకండి.

దీపపు నూనెకు, గ్రీజుకు కిరసనాయిలో, పెట్రోలో, పెయింటు థిన్నరో వాడమంటారు. అవి లేటెక్సును కరిగిస్తాయి. దీపం వెలిగే పూజగది పక్కనే ఆ పని చేస్తారు కూడా. మైనం కారితే "పాత పేపరు వేసి ఇస్త్రీ పెట్టె పెట్టు" అంటారు. ఉన్నికి, నూలుకు తక్కువ వేడితో అది పని చేస్తుంది. పాలీప్రొపిలీను మాత్రం దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇస్త్రీ పెట్టె నూలు మీటలో 200 దాకా పోతుంది. తివాచీ మీద ఇస్త్రీ పెట్టె ఆకారం శాశ్వతంగా మిగులుతుంది. ఐసు ముక్కతో మైనాన్ని గట్టిపరచి, చెంచాతో గీరడమే క్షేమం. హారతి కర్పూరం తివాచీ మీద పడకుండా కింద ఇత్తడి పళ్లెం పెట్టుకోవడం అన్నిటికంటే తేలిక.

"కింద పేపర్లు పరువు, మధ్యలో కలరా ఉండలు వెయ్యి"

ఉన్నిని తినేది రెక్కలతో ఎగిరే చిన్న పురుగు కాదు. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగు. దానికి వెలుతురు గిట్టదు. అందుకే తివాచీ మధ్యలో కాకుండా సోఫా కింద, దివాను కింద, ఎవరూ నడవని చోట కొరుకుతుంది. కలరా ఉండల ఆవిరి మూసిన పెట్టెలో చిక్కబడితేనే పని చేస్తుంది. ఫ్యాను తిరిగే హాల్లో పరిచిన తివాచీ కింద అది పురుగుల్ని చంపదు, మనుషుల్ని మాత్రం ఇబ్బంది పెడుతుంది. నెలల పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది. అలాంటి పసికందుకు ఈ వాసన తగిలితే ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదముంది. బాలింత పుట్టింటికి వచ్చే ముందు ఇల్లంతా సర్దుతూ కలరా ఉండలు పెట్టే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. దయచేసి మానండి. ఎండిన వేపాకు హాని చేయదు గానీ, దాన్నే నమ్ముకుని కూర్చుంటే పురుగు ఆగదు.

పురుగుకు అసలు మందు కదలిక. నెలకొకసారి సోఫా జరిపి ఆ మూలలు రెండువైపులా ఊడవండి. ఆరు నెలలకొకసారి తివాచీని అటు తల ఇటు తిప్పి పరవండి. అరుగుదల కూడా సమంగా ఉంటుంది. కింద పాత పేపర్లు పరిస్తే వాటి సిరా అంటుతుంది, కాగితం తేమ పట్టుకుంటుంది, కాగితాలు తినే పురుగులొస్తాయి. తివాచీ ఎత్తిపెట్టాలంటే మడవకుండా చుట్టి, పాత నూలు దుప్పటిలో కట్టి, గోడకు ఆనకుండా ఎత్తున పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పడేస్తే వానాకాలం తేమ లోపలే ఉండిపోయి, తీసేసరికి ముక్కవాసన, నల్లటి బూజు మచ్చలు ఎదురవుతాయి.

"నీళ్లు తీశాక ఎండ వస్తది, అప్పుడు చూద్దాం"

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన తర్వాత సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కోదండరాంనగర్ లాంటి కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. పరుపులు, సోఫాలు, తివాచీలు వీధుల్లో కుప్పలయ్యాయి. అటువంటప్పుడు మనుషులు, మందులు, కాగితాలే ముందు, తివాచీ గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? ఆ సమయంలో వినిపించే సలహాలు మాత్రం మళ్లీ అనారోగ్యం తెచ్చేలా ఉండకూడదు.

తడిసిన తివాచీలో బూజు మొదలవడానికి ఒకటి రెండు రోజులు చాలు. ఎండ కోసం ఆగితే ఆ గడువు దాటిపోతుంది. వాన నీళ్లు మాత్రమే తగిలిన తివాచీని వెంటనే చుట్టకుండా, కుర్చీల మీదో మంచం పట్టీల మీదో రెండువైపులా గాలి ఆడేలా వేసి ఫ్యాన్లు పెట్టాలి. మురుగు కలిసిన నీళ్లలో నానిన టఫ్టెడ్, ఫోమ్ అడుగున్న మరతివాచీలను వదిలేసుకోవడమే మంచిది. ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే. లోపలి పొరల్లోకి పోయిన మురుగును ఇంట్లో ఎవరూ తీయలేరు, ఆ తివాచీ మీదే చంటిపిల్లలు పాకుతారు. బ్లీచింగ్ పౌడరు చల్లితే క్రిములు పోతాయని తివాచీ మీద గుప్పిస్తారు. రంగూ పోగూ రెండూ పోతాయి, మురుగు మాత్రం అడుగునే ఉంటుంది. చేతిముడుల ఉన్ని తివాచీ ఒక్కదానికే ఆశ పెట్టుకోవచ్చు, అదీ వెంటనే తెలిసినవాళ్ల చేత కడిగిస్తే.

"జంపఖానాకు రంగు పోకుండా ఉప్పునీళ్లలో నానబెట్టు"

తివాచీల గురించి ఇంత చెప్పి జంపఖానాను వదిలేయడం అన్యాయం. వరంగల్ కొత్తవాడలో నేసే ఈ నూలు పట్టాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి కూచ్చు తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. ఇటు ఏలూరులోనూ పర్షియా నుంచి వచ్చిన కుటుంబాలు తెచ్చిన తివాచీ నేత ఉంది. ఇంత నేత చేతికందే దూరంలో ఉండి కూడా మనం మెరిసే విస్కోసును కొని, దాన్ని ఏడాదిలో పాడుచేసుకుంటున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

జంపఖానాకు కూచ్చు లేదు, జిగురు లేదు, కాబట్టి ఇంట్లో కడుక్కోవచ్చు. కానీ ఉప్పు సలహా ఉత్తదే. అద్దకం వేసేటప్పుడు ఉప్పుకు పని ఉంది. నేసి అమ్మిన తర్వాత ఉప్పునీళ్లలో నానబెడితే వదిలే రంగు ఆగదు, పైగా నానేకొద్దీ ఎరుపు పక్కన తెలుపులోకి పాకుతుంది. తడి తెల్లగుడ్డను ప్రతి రంగు మీదా నిమిషం అదిమి చూడండి. రంగు అంటితే పూర్తిగా తడపవద్దు, తడిగుడ్డతో తుడిచి ఊరుకోండి. అంటకపోతే చల్లటి నీళ్లు, తక్కువ సబ్బు, నానబెట్టకుండా తొందరగా జాడించి, పిండకుండా నీళ్లు కారనిచ్చి నీడలో సాపుగా ఆరబెట్టండి. పిల్లలు అన్నం తినే చోట, పూజ చేసుకునే చోట జంపఖానా పరిచి, ఉన్ని తివాచీని హాల్లో ఉంచుకున్న ఇంట్లో ఇప్పటిదాకా చెప్పిన మరకల గొడవ సగం ఉండదు. గుమ్మం బయట కొబ్బరిపీచు పట్టా, లోపల నూలు పట్టా వేసి, చెప్పులు బయటే విడిచే అలవాటుకు పాదాలు తుడుచుకునే అలవాటు కూడా కలిపితే హైవే ఇసుకలో చాలా భాగం గడప దగ్గరే ఆగిపోతుంది.

ఇంటికొచ్చి తివాచీలు శుభ్రం చేసే కుర్రాళ్లు ఇప్పుడు ఎల్బీనగర్ చుట్టుపక్కల చాలామంది దొరుకుతున్నారు. వాళ్లలో పని తెలిసినవాళ్లున్నారు, సోఫాకూ తివాచీకీ ఒకే షాంపూ కొట్టేవాళ్లూ ఉన్నారు. పిలిచే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ పోగు తివాచీ అంటారు? వెనకవైపు తిరగేసి చూశారా? ఆరడానికి ఎంతసేపు పడుతుంది? తిరగేయకుండానే రేటు చెప్పినవాళ్లను పంపేయండి. ఉన్ని తివాచీని జూలై వానల్లో తడిపి, "సాయంత్రానికల్లా పరుచుకోవచ్చమ్మా" అని ఎవరైనా అంటే తివాచీ వాళ్ల చేతికి ఇవ్వకండి.